జానెడు రబ్బరు గొట్టం

ఆ వాసన మొదట తగిలింది నాకే. తగలడానికి మా ఇంట్లో ఇంకో ముక్కు లేదు. కోవిడ్ వచ్చి తగ్గాక మా ఆయనకు వాసనలు తెలియకుండా పోయాయి. పోపు మాడినా నేను చెప్పాలి, పాలు పాడైనా నేను చెప్పాలి. ఫ్రిజ్ లోంచి పాల క్యాను తీసి నా ముక్కు దగ్గర పెట్టి, నేను తలూపాకే కాఫీ కలుపుకునేవారు. అందుకని గ్యారేజీలో పెట్రోలు వాసన వస్తోందన్న సంగతి నేను చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. నేను చెప్పలేదు.

ఇక్కడ అమెరికాలో, అల్ఫారెట్టాలోని మా ఇంటి గ్యారేజీలో మూడేళ్ళ పాటు నేనొక కారు కట్టాను. అవును, నేనే. పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చే కారది. ఇనుప చట్రం, ఫైబర్ బాడీ, రెండే సీట్లు, పైకప్పు ఉండదు. ఇంజిన్ మాత్రం మనమే వెతుక్కోవాలి. ఓ పాత కారులోంచి తీసిన నాలుగు సిలిండర్ల ఇంజిన్ బిగించాను. కాకినాడలో ఆటోమొబైల్ డిప్లొమా చదివి, ఈ దేశంలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా తేలినదాన్ని. పొద్దస్తమానం ఇతరుల పనిలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. చర్చిలో ఎవరైనా మా ఆయన గురించి "అన్నయ్యగారు కారు కడుతున్నారంట కదా" అంటే నాకు చిర్రెత్తుకొచ్చేది. అన్నయ్యగారికి బోల్టు ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియదు. పాపం, టార్చి పట్టుకుని పక్కన నిలబడేవారు.

కారైతే నడిచింది గానీ మా వీధి చివర ఎత్తు ఎక్కేసరికి దాని ప్రాణం పోయేది. అక్కడితో ఊరుకోవాల్సింది. పెద్ద మార్పులేం కాదులే అనుకున్నాను. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ ఒకటి బదులు రెండు పెట్టాను. పొగ సులువుగా పోయేలా ఎగ్జాస్ట్ పైపులు మార్చాను. రెండు కార్బురేటర్లకూ పెట్రోలు చాలాలి కాబట్టి ఇంకాస్త గట్టిగా తోసే పంపు వేశాను. అవన్నీ కొత్తవి. పంపు నుంచి వచ్చే దారిలో, కార్బురేటర్ల దగ్గర ఉన్న జానెడు రబ్బరు గొట్టం మాత్రం పాత ఇంజిన్‌తో వచ్చిందే ఉంచేశాను. చూడ్డానికి బాగానే ఉంది. సరిగ్గా దాని కిందనుంచే ఎగ్జాస్ట్ పైపులు పోతాయి.

ఈలోగా ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా తెలుగు చర్చిలో జరగబోయే మేలుకు ముందే స్తోత్రం చెప్పే అలవాటుంది. వీసా చేతికి రాకముందే వచ్చినట్టు, ఉద్యోగం దొరక్కముందే దొరికినట్టు లేచి చెబుతారు. అది విశ్వాసం కింద లెక్క. నేనూ లేచాను. దేవుడు నా చేతులతో ఆ కారు పని ముగించాడని, శనివారం అందరూ మా ఇంటికొచ్చి ప్రార్థన చేయాలని చెప్పాను. నా చేతులతో అన్న మాట కాస్త ఒత్తి మరీ పలికాను. అప్పటికి ఇంజిన్ సగం విప్పి ఉంది. పాస్టరు అయ్యగారు స్తోత్రం అన్నారు, సభంతా స్తోత్రం అంది. ఇక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాదు.

గురువారానికి అంతా బిగించి ఇంజిన్ స్టార్ట్ చేశాను. ఆపాక వాసన వచ్చింది. వంగి గొట్టం మీద వేలు రాస్తే తడిగా ఉంది. టార్చి పట్టుకున్న ఆయన అడిగారు, "ఏమైనా వాసన వస్తోందా?"

"లేదండీ," అన్నాను.

గొట్టం చివర ఉన్న పట్టీ ఇంకో చుట్టు బిగించాను. తడి ఆగింది.

శనివారం పొద్దున మళ్ళీ తడి. గొట్టాన్ని కొంచెం వంచి చూశాను. సన్నటి నెర్రెలు, ఒకటీ రెండూ కాదు. విడిభాగాల షాపు పది నిమిషాల దూరం. తాళాలు చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే మా వాకిట్లో మొదటి కారు ఆగింది. బిర్యానీ ట్రేలతో ముగ్గురు దిగి, వందనాలండీ అన్నారు. దేవుడు ముగించిన పనిని వాళ్ళ కళ్ళముందే విప్పి కూర్చుంటే నా సాక్ష్యం ఏం కాను? తాళాలు మళ్ళీ కొక్కేనికి తగిలించాను. సిగ్గుపడి చేసిన పని అది, ఇంకో పేరు పెట్టను.

అందరి ముందూ మొరాయిస్తుందేమోనని ముందే స్టార్ట్ చేసి ఉంచాను. ఇంజిన్ అందరికీ కనబడాలని పైమూత తీసి పక్కన పెట్టాను. మొదటి సవారీ మా ఆయనదే. పక్క సీట్లో కూర్చుని, భుజాల మీదుగా వచ్చే బెల్టులు పెట్టుకుని, పెళ్ళికొడుకులా నవ్వుతున్నారు. అయ్యగారు కారు మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

మొదటి చుక్క పైపు మీద పడి చుయ్యిమంది. సన్నగా పొగ లేచి పోయింది. అయ్యగారు కారు కోసం ప్రార్థించి, చదువుకునే పిల్లల ఉద్యోగాల కోసం మొదలుపెట్టారు. రెండో చుక్క పడింది. ఇంజిన్ ఆపే స్విచ్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆపితే చప్పుడు పోతుంది, అందరూ కళ్ళు తెరుస్తారు. మా వాళ్ళలో ప్రార్థన మధ్యలో దగ్గు కూడా చేతిలోనే దాచుకుంటారు. ఆమెన్ అనగానే ఆపేద్దామనుకున్నాను. వీసాల కోసం, గర్భవతుల కోసం, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన సాగింది. చుక్కల మధ్య ఎడం తగ్గుతోంది. అయినా ఆమెన్ కోసం ఆగాను.

యేసు నామంలో అని అయ్యగారు అంటుండగానే గుప్పుమని మంట లేచింది. అది సీటు దాకా పాకింది, మా ఆయన బెల్టులు విప్పుకోలేక పెనుగులాడారు. నేను అరుస్తూ స్విచ్ ఆపి, బెల్టులు లాగాను. ఎవరో గ్యారేజీలోని మంటలార్పే సిలిండర్ తెచ్చి తెల్లపొడి కొట్టారు. అంతా నిమిషం కూడా పట్టలేదు. ఆయన కుడి చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిపోయింది. ఆసుపత్రిలో తొడ మీద చర్మం తీసి అక్కడ అతికించారు.

కట్లు విప్పిన తర్వాతి ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పారు. అందరికంటే ముందు మంటను చూసి నన్ను లాగింది నా భార్యే అన్నారు. సభంతా నా వైపు తిరిగి స్తోత్రం అంది. నేను తల ఎత్తలేకపోయాను.

తిరిగి వస్తూ కారులో చెప్పేశాను. "ఏమండీ, నేను ముందే చూశాను. చుక్కలు పడుతున్నప్పుడే."

"తెలుసు," అన్నారు. కోపంగా అనలేదు. "నేనూ కళ్ళు తెరిచే ఉన్నా. పొగ కనబడింది. నీ మొహం చూశా. నువ్వు కదల్లేదు కదా, ఏం పర్లేదేమో అనుకున్నా."

ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నాతో ఎప్పటిలాగే ఉంటారు. కారు గుడ్డ కప్పుకుని గ్యారేజీలోనే ఉంది. ఇప్పుడు పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తెరిచి, పాల క్యాను తీసి, దాన్ని వెలుతురుకు తిప్పి, దాని మీది తేదీ చదువుకుని కాఫీ కలుపుకుంటారు.