కొత్త బేరింగులను కడిగేశారు

మీరూ అంతే కదా, బేరింగు కొనేముందు వేలికి తొడిగి గిర్రున తిప్పుతారు, ఎక్కువసేపు తిరిగిందే మంచిదనుకుంటారు. మాచర్ల బస్టాండు పక్కన ముప్ఫై ఏళ్లుగా బేరింగులు అమ్ముతున్న చాంద్ బీ ముందు ఒకసారి ఆ పని చేసి చూడండి. చేతిలోది లాగేసుకుంటుంది.

ఆ కొట్టు పెట్టింది ఆమె భర్త మౌలాలీ. ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఆయన ఉన్నప్పుడు కూడా రాళ్ల పాలిషింగు మిషనుకు ఏది సరిపోతుందో, కారం మిల్లుకు ఏది కావాలో చేత్తో తడిమి చెప్పింది ఈవిడే. చదివింది ఐదో తరగతి. ఇంత పని తెలిసిన మనిషిని ఎదురుగా పెట్టుకుని, మెట్టెక్కిన ప్రతివాడూ ఆమె తల మీదుగా లోపలికి తొంగిచూస్తాడు.

"మొగోళ్లెవురూ లేరామ్మా?"

"అరలో సర్ది పెట్టా. ఏ సైజు గావాల?" అంటుంది చాంద్ బీ.

వినేవాళ్లు నవ్వుతారు. ఆమె మాత్రం నవ్వదు. నవ్వెందుకొస్తుంది?

మొన్న సుమన్, శ్రీవల్లి అని ఇద్దరు ఇంజనీరింగు పిల్లలు వచ్చారు. ఇద్దరూ కలిసి మూరెడు పొడవున రిమోటు కారు ఒకటి తయారు చేశారు. ఆదివారం ఊళ్లో గ్రౌండులో పందెం. చక్రాల దగ్గరున్న ప్లాస్టిక్ బుష్‌లు అరిగి చక్రాలు ఊగుతున్నాయి, వాటి బదులు బేరింగులు కావాలన్నారు. చాంద్ బీ కొలత పెట్టింది. లోపలి బెజ్జం ఐదు మిల్లీమీటర్లు, బయటికి పది, మందం నాలుగు.

"రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నయ్యి తీసుకోండి" అంది.

సుమన్ ఒకటి వేలికి తొడిగి తిప్పాడు. చటుక్కున ఆగింది. రేకు మూతది తిప్పాడు. అది చాలాసేపు తిరిగింది.

"ఇదీ బేరింగంటే! ఆ రబ్బరుది మొద్దుగా ఉందాంటీ."

"నీ వేలి మీద బరువేముంది నాయనా? దాంట్లో గ్రీజు నిండా ఉంది, అందుకే ఆగింది. మన గ్రౌండంతా నాపరాయి దుమ్ము. రేకు సందులోంచి లోపలికి పోద్ది. సిమెంటు నేల మీద ఆడేటోళ్లు రేకుది వాడుకుంటారు. మీకు రబ్బరే."

"ఇది రేసు కారాంటీ, కారం మిల్లు కాదు."

"పెద్దమ్మ చెప్పిందే తీసుకుందాంలేరా" అంది శ్రీవల్లి. ఎనిమిది తీసుకున్నారు.

పందెంలో మూడో చుట్టుకే వెనక చక్రం బిగుసుకుపోయింది. సోమవారం సుమన్ కారు పట్టుకొచ్చి, కొట్టు ముందు నిలబడి, బస్టాండంతా వినేట్టు "డూప్లికేట్ మాలు!" అని అరిచాడు. అప్పటికే ఊళ్లోవాళ్లంతా ఉండే ఫోను గ్రూపులో ఆ మాటే పెట్టేశాడు, కొట్టు ఫొటోతో సహా. వెనక శ్రీవల్లి తల దించుకుని నిలబడింది.

చాంద్ బీ ఆ చక్రంలోని బేరింగు తీసి, గుండుసూదితో రబ్బరు మూత పైకి లేపింది. లోపల గ్రీజు చుక్క లేదు.

"గ్రీజేదిరా?"

సుమన్ వైపు చూస్తూ శ్రీవల్లి చెప్పింది. "శనివారం మూతలు లేపి పెట్రోల్లో కడిగాడు పెద్దమ్మా. ఫ్యాన్ల షాపులో అట్టాగే కడిగి తిప్పి చూస్తారంట. కడిగినాక చానా ఫ్రీగా తిరిగినయ్."

"ఫ్యాన్లోళ్లు కడిగేది పాతయ్యిరా! గట్టిపడ్డ గ్రీజు పోవాలని కడిగి, తిప్పి చూసి, మళ్లీ కొత్త గ్రీజు పెడతారు. నువ్వు సగమే చూసొచ్చావా? వడ్డించిన కంచం తినకముందే కడుగుతారంట్రా ఎవురన్నా?"

"సర్లే ఆంటీ" అని సుమన్ వెళ్లిపోయాడు. సర్లే అంట! తప్పు తనదని కళ్లారా చూశాడు. అయినా గ్రూపులో పెట్టిన మాట తీయలేదు. పదేళ్లుగా వస్తున్న మిల్లు మనిషి హబీబుల్లా కూడా ఆ సాయంత్రం, "చెల్లే, నీ మాలు డూప్లికేటంటగా?" అని అడిగాడు. ముప్ఫై ఏళ్ల మాట ఆ ఒక్క ఫొటోతో పోయింది.

శ్రీవల్లి మాత్రం మర్నాడు ఒక్కతే వచ్చింది. "వచ్చే ఆదివారం నరసరావుపేటలో ఇంకో పందెం ఉంది పెద్దమ్మా. ఈసారి నేనే బిగిస్తా. కారు ఆగకుండా తిరిగితే అదే గ్రూపులో వీడియో పెడతా."

"పెట్టవే తల్లీ, ఆ పని చెయ్యి" అంది చాంద్ బీ. కానీ ఆ సైజువి కొట్లో ఆరే ఉన్నాయి. మిగతా రెండూ శనివారం పార్శిల్లో వస్తాయి. రాగానే ఎనిమిదీ కలిపి, నాలుగింటి వెల్దుర్తి బస్సు కండక్టరుకు తన చేత్తో ఇచ్చి పంపుతానంది. శ్రీవల్లి ఊరు వెల్దుర్తి. దిగేచోట తీసుకుంటుంది.

శనివారం పార్శిలు వచ్చింది. చాంద్ బీ ఎనిమిదీ పొట్లం కట్టి, పైన వంకర అక్షరాలతో "కడగొద్దు" అని రాసింది. బస్సు హారను వినపడగానే లేచి ఒక కాలికి చెప్పు తొడిగింది. అప్పుడే ఎవరో మెట్టెక్కి ఆమె తల మీదుగా లోపలికి చూశాడు.

"మొగోళ్లెవురూ లేరామ్మా? పంపుసెట్టు బేరింగు గురించి మాట్లాడాల."

"నాతో మాట్లాడితే అది తిరగదా?"

"కోప్పడతావేందమ్మా? ఇక్కడ డూప్లికేటు ఇస్తన్నారని మావోడు ఫోన్లో చూపిచ్చాడు. మొగోళ్లుంటే అడుగుదామని..."

పోనీలే అని పొట్లం తీసుకుని పరుగెత్తి ఉండాల్సింది. ఎట్లా పోతుంది? చాంద్ బీ స్టూలు లాగి అతని ముందు పెట్టింది.

"కూర్చో నాయనా. కూర్చో, చూపిస్తా" అని అరలోంచి ఒక బేరింగు, బల్ల మీది గుండుసూది తీసుకుంది.

వెల్దుర్తి బస్సు బస్టాండు వదిలి మలుపు తిరిగింది. పొట్లం ఇంకా బల్ల మీదే ఉంది.