ఎల్లవ్వ బండ మీద కూర్చున్నందుకు

వారానికోసారి జరిగే పాత అంగడికి కొత్త సోకులు చేస్తున్నారని, సున్నంతో గీతలు గీసి జాగాలకు నంబర్లు వేసిన ఫొటో ఒకటి ఫోన్లో చూశాను. చెత్తంతా ఎత్తేస్తున్నామని కింద గొప్పగా రాశారు. ఆ చెత్తేమిటో చూద్దామనే బయల్దేరాను. నల్లగొండలో ఆరు గంటల బస్సెక్కితే ఎనిమిదికల్లా దేవరకొండ, అక్కణ్నుంచి అంగడికి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు.

తండాల నుంచి వచ్చిన లంబాడా ఆడవాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ కందులు కుప్ప పోస్తున్నారు. గాజుల ఖాజా భాయి తెలుగులో, ఉర్దూలో, లంబాడీలో కూడా పిలుస్తున్నాడు. నేను మిర్చి బజ్జీల పొట్లంతో ఖాళీగా ఉన్న నల్ల బండ మీద కూలబడ్డాను.

"లే బిడ్డా, లే! గది నా జాగా!" చింతపండు గంపతో వచ్చిన ముసలామె కేకేసింది. ఆమే ఎల్లవ్వ. సిగ్గుపడి లేచాను.

ఖాజా భాయి నవ్వాడు. "గీడ కాయితాలుండయి సార్. బండ ఎవలదైతే జాగా వాళ్లదే. నాలుగు వారాలు రాకున్నా ఇంకెవ్వలు కూసోరు. గా బండ అవ్వ వాళ్ల అత్త ఏసింది."

ఎల్లవ్వ రెండో గంప తేవడానికి ఆటో దగ్గరికి వెళ్లింది. ఇంతలో ట్రాక్టరొచ్చింది. అంగడి బాగుచేసే కాంట్రాక్టరు మనిషి దగ్గరుండి బండలన్నీ దాని ట్రాలీలోకి ఎత్తించాడు. ఆమె తిరిగొచ్చేసరికి బండ లేదు.

"నా బండేదిరా?"

"చెత్తల పోయింది అవ్వా. నంబరు తెచ్చుకో. జాగా నీదని కాయితం చూపియ్యాలె," అన్నాడు కాంట్రాక్టరు మనిషి.

నా ఒళ్లు మండిపోయింది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ ట్రాక్టరులో వేసుకుని, సాక్ష్యం చూపించమంటాడా! గట్టిగానే అరిచాను. "నీదే ఊరు సార్?" అన్నాడు.

ఖాజా భాయి గాజుల పెట్టె మూసి ట్రాలీ ఎక్కాడు. కందులమ్మే ఆడవాళ్లు ట్రాక్టరు ముందు నిలబడ్డారు.

"కొడవలి నూరిన గాటుంటది, సూడుండ్రి!" ఎల్లవ్వ కింది నుంచి చెబుతోంది. దొరికింది. నేనూ ఖాజా భాయీ మోసుకొచ్చి పాత చోటే దించాం.

"గది పదిహేడో నంబరు. ఎవలకో రాసిచ్చిన్రు," అన్నాడా మనిషి.

ఎల్లవ్వ బండ మీద కూర్చుని గంప ముందుకు లాక్కుంది. "గా పదిహేడోళ్లను రమ్మను. వాళ్ల బండేదో అడుగుత."

తిరుగు బస్సులోనూ నా కోపం చల్లారలేదు. అందులో సగం నామీదే. పొద్దున నేనూ దాన్ని ఉత్త రాయే అనుకున్నాను కదా. వచ్చే వారం ఆమెను అక్కడ కూర్చోనిస్తారో లేదో తెలియదు. మీరు వెళ్తే ఎనిమిదిన్నరలోపు చేరండి, ఎండ ముదరక ముందే. కాళ్లు ఎంత లాగినా, ఎవరిదని అడక్కుండా ఏ బండ మీదా కూర్చోకండి.