గ్లెనిస్ అడగని ఇల్లు

నాకు కోపం ఎక్కువని మా వాళ్ళందరూ అంటారు. అనేవాళ్ళు ఒక్క వారం వచ్చి గ్లెనిస్ టోజర్‌కి ఎదురుగా నిలబడి దుప్పట్లు మడతపెట్టమనండి, అప్పుడు మాట్లాడదాం.

మా ఇద్దరిదీ బ్రిస్టల్‌లో ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో పని. ఆరిన దుప్పటి ఒక కొస ఆమె పట్టుకుంటుంది, ఒక కొస నేను. మడత కలిపేటప్పుడు చేతులు తగులుతాయి కదా, తగిలినప్పుడల్లా "సారీ" అంటుంది. రోజుకి ఎన్ని దుప్పట్లో అన్ని సారీలు. బస్సులో ఎవడో ఆమె కాలు తొక్కితే ఆమే వాడికి క్షమాపణ చెప్పడం నా కళ్ళారా చూశాను. మొగుడు ఇంకొకామెతో స్విండన్ వెళ్ళిపోయిన రోజున, వాన పడేలా ఉంది గొడుగు మరిచిపోతున్నావని గుమ్మం దాకా వెళ్ళి అందించిందట. ఆ సంగతి నాకు చెబుతూ, "అప్పుడు నిజంగానే మబ్బు పట్టింది హేజెల్" అంది. ఏం చేస్తాం ఇలాంటి మనిషిని!

పుట్టిందీ పెరిగిందీ డెవన్‌లో హాథర్లీ అనే చిన్న ఊరు. సాయంత్రమైతే గొర్రెల అరుపులు తప్ప ఇంకేమీ వినబడని చోటు. పెళ్ళి చేసుకుని బ్రిస్టల్ వచ్చింది, మొగుడు వదిలేసి పోయినా ఈ ఊరిని మాత్రం వదల్లేదు. ఊళ్ళోనే బెడ్‌మిన్‌స్టర్‌ అనే పేటలో ఒక పబ్ మీద రెండు గదులు అద్దెకు తీసుకుంది. కింద శనివారం వస్తే డప్పులు, పాటలు, వీధిలో తాగి తగాదాలు, మళ్ళీ వాళ్ళే కౌగిలించుకుని ఏడవడాలు. నాకైతే పిచ్చెక్కేది. ఆమె మాత్రం, "ఈ గోలలో ఒంటరిగా ఉన్నట్టు అనిపించదే" అనేది. అయితే అద్దె ఇల్లు అద్దె ఇల్లే. గోడకి మేకు కొట్టనివ్వరు, పిల్లిని పెంచుకోనివ్వరు, ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారో తెలియదు. యాభై దాటిన మనిషి తన గోడగడియారాన్ని కుర్చీ మీద ఆనించి పెట్టుకునేది.

హాథర్లీలో ఆమె పిన్ని ఒకామె పోతూ పోతూ కొంత డబ్బు ఈమె పేర రాసింది. దానికి తన పొదుపు కలిపి, బ్యాంకు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, ఇల్లు చూడటం మొదలుపెట్టింది. లండన్ నుంచి జనం ఎగబడి వస్తున్నారు కదా, మాలాంటి వాళ్ళకి కొట్టుగదులు కూడా అందడం లేదు. ఏడాదంతా తిరిగితే చివరికి టాటర్‌డౌన్ కొండ మీద ఒక పసుపు రంగు ఇల్లు దొరికింది. ఇరుకైనదే. వీధి ఎంత నిటారుగా ఉంటుందంటే పైకి చేరేసరికి నాకు దేవుడు కనిపించాడు. కానీ వెనక కిటికీలోంచి చూస్తే ఊరు ఊరంతా కాళ్ళ కింద ఉంటుంది, రేవు, చర్చి గోపురాలు, మెలికలు తిరుగుతూ పోయే రైళ్ళు.

ఇంటాయన పేరు పాస్కో. రైల్వేలో సిగ్నళ్ళ పని చేసి రిటైరైన పెద్దాయన, భార్య పోయింది. వెస్టన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోదామని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. గ్లెనిస్ ఒకసారి చూసింది, రెండోసారి ఒక్కతే వెళ్ళి చూసి, టీ తాగి, మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడి వచ్చింది. ధర కుదిరింది. ఇంటి ముందు ఏజెంటు పాతిన కర్రబోర్డు మీద "అమ్ముడైంది" అని అడ్డంగా ఇంకో చెక్క కొట్టారు. దాని అడుగున చిన్న అక్షరాలతో "ఒప్పందానికి లోబడి" అని ఉంటుంది. ఆ చిన్న అక్షరాలే మా కొంప ముంచేవి.

ఎందుకంటే మా దగ్గర మాట ఇచ్చినంత మాత్రాన ఇల్లు ఇచ్చినట్టు కాదు. ఇద్దరి లాయర్లూ సంతకాలైన కాగితాలు మార్చుకునేదాకా ఎవరైనా ఎప్పుడైనా జారుకోవచ్చు, అడిగే నాథుడు లేడు. ఈలోగా కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ నేరుగా మాట్లాడుకోవడం బాగుండదన్నది మా వాళ్ళ పద్ధతి. ఏం కావాలన్నా ఏజెంటుతో చెప్పుకోవాలి.

ధర కుదిరిన కొద్ది రోజులకే పిడుగు పడింది. గ్లెనిస్ ఉంటున్న గదుల్ని యజమాని అమ్మేస్తున్నాడట, ఆగస్టు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలన్నాడు.

"పోనీలే, అప్పటికి నీ ఇంట్లోకి వెళ్ళిపోతావు కదా" అన్నాను.

"అంతేగా" అంది. అంది కానీ దుప్పటి కొస చేతిలోంచి జారిపోయింది.

మే వెళ్ళింది, జూన్ వెళ్ళింది. పాస్కో గారి వైపు నుంచి ఒక్క కాగితం కదల్లేదు. ఏజెంటు జారెడ్ అని ఒక కుర్రవాడు, జుట్టు నిండా నూనె, కాళ్ళకి మేజోళ్ళు ఉండవు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఇదిగో, ఇవాళో రేపో మేడమ్" అంటాడు. గ్లెనిస్‌కి ముద్ద దిగడం మానేసింది. మధ్యాహ్నం తెచ్చుకున్న చీజ్ శాండ్‌విచ్ అలాగే సాయంత్రం తిరిగి వెళ్ళిపోయేది. పని అయ్యాక ఇంటికి వెళ్ళకుండా బస్సు మారి, ఆ కొండెక్కి, బోర్డు మీద "అమ్ముడైంది" చెక్క ఇంకా ఉందో లేదో చూసుకుని దిగి వచ్చేది. ఉంటే ఆ పూటకి ప్రాణం నిలబడేది.

ఇందులో నాకు మతిపోయే సంగతి ఇంకొకటి ఉంది. ఆ కొండ దిగువన ఒక కూరగాయల కొట్టుంది. ఆదివారం ఆదివారం పాస్కో గారూ అక్కడికే వస్తాడు, ఈవిడా బోర్డు చూసుకుని అక్కడికే వెళుతుంది. ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటారు కూడా!

"ఏం మాట్లాడుకున్నారే?" అని ఆశగా అడిగాను.

"వాన గురించి. ఆయన టమాటాలకి ఈ ఏడు తెగులొచ్చిందట పాపం."

"టమాటాలా! నీ నెత్తిన నీడ లేకుండా పోతుంటే టమాటాల గురించా? కాగితాలెప్పుడు పంపుతావయ్యా అని నోరు తెరిచి అడగలేవూ?"

"ఛ, ఊరుకోవే. కొట్లో నిలబెట్టి అలా అడిగితే ఏం బాగుంటుంది? పెళ్ళాం పోయిన మనిషి. మీద పడినట్టుండదూ?"

"మొహమాటంతో చస్తావే నువ్వు."

"సారీ" అంది.

జూలై మధ్యలో ఒక సోమవారం ఆమె పనికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. బోర్డు మీద అడ్డంగా కొట్టిన చెక్క లేదట. ఉత్త "అమ్మకానికి" అని మాత్రమే ఉందట. గాలికి ఊడి పడిందేమోనని పొదల్లో కూడా వెతికిందట పిచ్చిది.

నేనే జారెడ్‌కి ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను. అతను నసిగాడు. లండన్ నుంచి ఒక జంట వచ్చి ఇల్లు చూశారట. ధర ఎక్కువ ఇస్తామన్నారట. "పాస్కో గారు ఇంకా ఆలోచిస్తున్నారు మేడమ్, మీవైపు నుంచి కూడా గట్టిగా అడిగింది లేదు కదా" అన్నాడు.

"అలాగా. చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ" అని ఫోను పెట్టేసింది. థాంక్సట! పెట్టేసి, మాసిన దుప్పట్ల బండి అంచు పట్టుకుని నిలబడింది.

"ఎక్కడికి వెళతానే నేను?" అంది మెల్లగా. "ఈ ఊళ్ళో ఈ డబ్బుకి ఇంకేమీ రాదు. మళ్ళీ హాథర్లీ పోవాలి. అక్కడ ఎవరున్నారు నాకు?"

నా వల్ల కాలేదు. "కోటు వేసుకో" అన్నాను.

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి! పాస్కో గారింటికి."

"చెప్పకుండానా? ఏజెంటు లేకుండానా? హేజెల్, అలా వెళ్ళరే ఎవరూ!"

సూపర్‌వైజర్‌కి కడుపునొప్పని చెప్పి, ఆమె మోచెయ్యి పట్టుకుని బస్సెక్కించాను. దారంతా "వద్దులేవే" అంటూనే ఉంది. కొండ ఎక్కేటప్పుడు మటుకు నాకన్నా ముందు నడిచింది.

తలుపు తీసిన పాస్కో గారు మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. అయినా మర్యాద మర్యాదే కదా. లోపలికి రమ్మన్నాడు, కూర్చోమన్నాడు, టీ పెట్టాడు, బిస్కెట్లు పళ్ళెంలో సర్దాడు. ఎండ బాగా కాస్తోందన్నాడు. అవునండీ, నిన్నటికన్నా నయం అంది గ్లెనిస్. రేపు మళ్ళీ వానట అన్నాడు. అయ్యో అంది. నేను ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాను. ఇద్దరి కప్పులూ సాసర్ల మీద టకటకా కొట్టుకుంటున్నాయి.

"చాలు!" అన్నాను. "పాస్కో గారూ, పెద్దవారు, తిట్టుకుంటే తిట్టుకోండి. ఈ మనిషి మూణ్ణెల్లుగా తిండి మానేసి చస్తోంది. వచ్చే నెల తరవాత ఈమెకి తల దాచుకునే చోటు లేదు. మీరేమో కాగితాలు పంపరు, ఎవరికో ఇల్లు చూపిస్తారు. ఇదేం న్యాయం?"

పెద్దాయన నోరు తెరుచుకుని నా వంక చూసి, ఆమె వైపు తిరిగాడు.

"మిసెస్ టోజర్, మీరే కదమ్మా చెప్పారు?"

"నేనా? ఏం చెప్పానండీ?"

"రెండోసారి వచ్చినప్పుడు. మా ఆవిడ సామానంతా సర్దుకోవాలమ్మా అంటే, తొందరేం లేదు, మీకెన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు తీసుకోండి అన్నారు. లాయరు కాగితాలు పంపుతూనే ఉన్నాడు. మీరు తొందర లేదన్నాక నేను సంతకాలు పెట్టి పంపితే మిమ్మల్ని తరిమినట్టుంటుందని పక్కన పెట్టాను. తరవాత కొట్లో కలిసినప్పుడల్లా చూశాను, ఇంటి మాటే ఎత్తరు. మనసు మారిందేమో, చెప్పడానికి మొహమాటపడుతున్నారేమో అనుకున్నా. ఎలా అడగను? అక్కడ మా అమ్మాయేమో ఎప్పుడొస్తావు నాన్నా అని రోజూ ప్రాణం తీస్తోంది. నాకూ నిద్ర లేదమ్మా."

దేవుడా! ఇద్దరూ ఒకే ఇంటి కోసం చెరోవైపు కుమిలిపోతూ, మధ్యలో టమాటాల గురించి మాట్లాడుకున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంక అంతా చక్కబడినట్టేనని కప్పు అందుకున్నాను.

పాస్కో గారు తల వంచుకున్నాడు. "నిన్న సాయంత్రం ఆ లండన్ వాళ్ళు మళ్ళీ వస్తే సరే అన్నాను, జారెడ్‌కి ఇంకా చెప్పనేలేదు. మాట ఇచ్చేశానమ్మా. ఏం చెయ్యను ఇప్పుడు?"

గ్లెనిస్ కప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. ఆమె ముఖం మీదికి ఆ నవ్వు వస్తోంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, మొగుడికి గొడుగు ఇచ్చినప్పుడు కూడా అదే నవ్వి ఉంటుంది. "పర్..." అంది. "పరవాలేదండీ" అనబోతోంది. అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాను.

ఆ మాట ఆమె నోట్లోనే ఆగిపోయింది.

"పరవాలేదు కాదండీ" అంది. "నాకు ఈ ఇల్లు కావాలి. చాలా కావాలి. రోజూ వచ్చి బోర్డు చూసుకుని వెళుతున్నాను. మీరు ముందు నాకు మాట ఇచ్చారు. నేను తొందర లేదన్నది ఉత్త మర్యాదకన్నానండీ, నాకు ఆ రోజు నుంచే తొందర. నాది నాకు ఇచ్చెయ్యండి."

అని ఏడ్చేసింది. ముక్కు కారుతోంది, తుడుచుకోవడం లేదు. సారీ కూడా అనలేదు.

పాస్కో గారు లేచి ఫోను దగ్గరికి నడిచాడు. జారెడ్‌కి చేశాడు. "బాబూ జారెడ్, పనిలో ఉన్నావేమో, ఇబ్బంది పెట్టడం లేదు కదా? ఏం లేదు, నీకు వీలు చిక్కినప్పుడు..." అని మొదలుపెట్టాడు.

గ్లెనిస్ వెళ్ళి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది. లాక్కుంది అనే అంటున్నాను, నేను చూశాను.

"నేను గ్లెనిస్ టోజర్‌ని. పాస్కో గారు ఇల్లు నాకే ఇస్తున్నారు. లండన్ వాళ్ళకి ఇవాళే చెప్పు. సాయంత్రం కాదు, ఇప్పుడు" అంది.

ఆ వారంలోనే సంతకాలయ్యాయి. కాగితాలు మారే రోజున లాయరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేదాకా ఆమె లాండ్రీలో ఒక్క దుప్పటి సరిగ్గా మడవలేదు, నేనూ మడవలేదు. ఆగస్టు ఆఖరున పాస్కో గారు కూతురి కారులో వెస్టన్ వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఏజెంటు ఆఫీసులో తాళాలు తీసుకుని, సామాను బండి వెనక వస్తుంటే మేమిద్దరం కొండెక్కాం. వాన మొదలైంది. నా చేతిలో కెటిల్, టీ పొడి, పాలు. కొత్తింట్లో ముందు టీ కాచాలి కదా.

గ్లెనిస్ తాళం తిప్పింది. లోపల అడుగు పెట్టింది. నేను కాళ్ళు తుడుచుకుని వెనకే వెళ్ళబోతున్నాను, నా ముఖం మీదే తలుపు వేసేసింది. లోపల గడియ పడిన చప్పుడైంది.

ఎవరి ముఖం మీదా తలుపు వేసి ఎరగని మనిషికి ఇవాళే తనదంటూ ఒక తలుపు దొరికింది. జుట్టు తడిసిపోతోంది, పాల సీసా జారిపోతోంది, బండి వాళ్ళు ఏమిటన్నట్టు నా వంక చూస్తున్నారు.

నేను తలుపు తట్టలేదు.