ఆంటీ కూర్చునే ఎత్తు

నిన్న శాండీఫోర్డ్‌లో మా ఆఫీసు కింద ఎవరో సైకిల్ గొలుసుకు తుప్పు వదిలించే నూనె కొడుతున్నారు. లువాస్ ట్రామ్ స్టాపుకు వెళ్తున్నవాణ్ణి ఆ ఘాటుకు ఆగిపోయాను. రత్నం అంకుల్ చొక్కా నుంచి ఎప్పుడూ వచ్చే వాసన అది.

ఐర్లండ్‌లో నా మొదటి రెండేళ్ళు స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఆయన ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను. కంపెనీలన్నీ పోటీపడి మనుషుల్ని తీసుకుంటున్న రోజులు. ఉద్యోగం దొరికినంత సులువుగా గది దొరికేది కాదు. అంకుల్ విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు కమాన్ కట్టలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు వేసి, ఇక్కడ ఎయిర్‌పోర్టు బళ్ళు బాగుచేసి రిటైరయ్యారు. ఇంటి వెనక షెడ్డులో ఒక పాత అమెరికన్ పికప్ ఉండేది. ఆదివారం సాయంత్రాలు ఆయనా ఆంటీ దాన్ని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి, వెనక తలుపు దించి, దాని మీద పక్కపక్కన కూర్చుని ఫ్లాస్కులో టీ తాగేవారు.

మోకాలి ఆపరేషన్ తర్వాత ఆంటీ ఆ ఎత్తు ఎక్కలేకపోయారు. అంకుల్ స్టూలు తెచ్చారు, చెయ్యి అందించారు. "నన్ను బియ్యం బస్తాలా ఎక్కించొద్దు. నా అంతట నేను కూచోగలిగినప్పుడే వస్తా" అన్నారావిడ. ఆ తర్వాత ఏడు ఆదివారాలు పికప్ కదల్లేదు.

"ఆవిడ ఎక్కదుగా. బండినే దించుదాం" అన్నారు అంకుల్. "నా చేతులు వణుకుతున్నాయి. కిందికి నువ్వే దూరాలి, ఇంజినీరూ."

నాకు మెకానికల్ పట్టా ఉంది, స్పానర్ పట్టిన అనుభవం లేదు. వారమంతా చదివి ఇరవై రెండు అంశాల జాబితా రాశాను. వెనక ఇరుసు కమాన్ కట్టల కింద ఉంది. దాన్ని కట్టల పైకి మారిస్తే బండి వెనక భాగం అయిదంగుళాలు దిగుతుంది. అంకుల్ జాబితా ఓపిగ్గా చదివారు. తర్వాత ఒక చీపురు కర్ర తెచ్చి, ఆంటీ సుఖంగా కూర్చునే వంటింటి కుర్చీ పక్కన నిలబెట్టి, దాని సీటు ఎత్తుకు కోశారు. "నాకిది చాలు" అన్నారు.

ఇరుసు పైకీ కిందికీ ఆడేందుకు చాసిస్‌లో చోటు కోయడం, వెల్డింగ్ అంకుల్ గ్యారేజీలో చేయించారు. మిగతా పనికి మూడు శనివారాలు పట్టింది. చివరి శనివారం ఆయన ఆంటీని ఫిజియో దగ్గరికి బస్సులో తీసుకెళ్ళారు. బండి స్టాండ్ల మీద ఉంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. నేను కమాన్ చివర్ల బోల్టులు పుస్తకంలో చెప్పినంత బిగించి, పద్దెనిమిదో అంశం కొట్టేశాను. ఇరవై రెండో అంశం, బండిని నేలకు దించడం, అదీ పూర్తిచేశాను. వాళ్ళు గేటు తీయగానే, కర్రతో ఎత్తు చూడకుండానే ఆంటీని పిలిచాను.

ఆవిడ కోటు కూడా విప్పకుండా వచ్చి, దించిన తలుపుకు నడుము ఆనించి, రెండుసార్లు మునివేళ్ళ మీద లేచారు. అందలేదు. "పర్లేదులే నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయారు.

అంకుల్ కర్ర నిలబెట్టారు. తలుపు అంగుళం పైనే ఎత్తులో ఉంది.

"ఏ నంబరు తప్పింది అంకుల్?"

"నంబర్లన్నీ బానే ఉన్నాయి. బండి కాళ్ళు గాల్లో ఉండగానే కీళ్ళు బిగించేశావు. లోపల రబ్బరు బుష్ అలాగే పట్టేసింది. ఇప్పుడు కూచోమంటే ఎలా కూచుంటుంది? వదులు చెయ్యి."

వదులు చేశాను. వెనక భాగం చిన్నగా మూలిగి కిందికి దిగింది. ఇద్దరం దాని మీద నాలుగుసార్లు బరువేసి ఊపాం. బండి చక్రాల మీద నిలబడి ఉండగానే కిందికి దూరి మళ్ళీ బిగించాను. ఈసారి తలుపు కర్రకు సరిపోయింది. అంకుల్ నా జాబితాలో పద్దెనిమిదో అంశం నుంచి ఇరవై రెండు కిందికి పెన్సిల్ బాణం గీశారు.

"నువ్వే పిలువు" అన్నారు.

"మళ్ళీనా?" అంది వంటింట్లోంచి ఆంటీ గొంతు. ఆ వెనకే, "సరే, ప్రెస్‌లో, అదే గోడ అలమరలో ఫ్లాస్కుంది, తియ్యి" అన్నారు.

ఆ సాయంత్రమే సముద్రం ఒడ్డున ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చున్నారు. కాళ్ళు నేలకు ఆనాయి. "కాస్త జరగండి, మొత్తం మీరే ఆక్రమిస్తే ఎలా?" అన్నారు అంకుల్‌తో.

ఆయన పోయి రెండేళ్ళయింది. నేను ఇప్పటికీ జాబితాలు రాస్తాను. ఏ పనిలోనైనా చివరి బిగింపు అంశాన్ని మాత్రం, అది ఎవరి కోసమో ఆ మనిషి వచ్చి వాడి చూసేదాకా పెన్సిల్‌తోనే రాసి ఉంచుతాను. ఆయన పోయాక ఆంటీ నాకిచ్చిన ఆ చీపురు కర్ర నా బల్ల పక్కనే ఉంది. దాన్ని నేనింతవరకూ టేపుతో కొలవలేదు.