బెల్‌బాటమ్ తిరిగొచ్చిన నెల

మార్చి పదకొండున ఆ దుస్తుల కర్మాగారంలో 1,140 ప్యాంట్లకు బట్ట కత్తిరించారు. సాయంత్రానికి వాటిలో ఒక్కటి కూడా ఏ మనిషికీ పట్టదని తేలింది. ఆ పొరపాటును ఆపగలిగిన ఏకైక వ్యక్తి పక్క గదిలోనే, తన సామాను మూట కట్టుకుంటూ ఉంది.

ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. వయసు యాభై ఏడు. అందులో ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ ఒక్క గదిలోనే గడిచాయి. దళసరి గోధుమరంగు కాగితం మీద ప్రతి దుస్తుకూ నమూనా గీసి, కత్తిరించి, చిల్లు పొడిచి మేకుకు తగిలించడం ఆమె పని. ఆ కర్మాగారం కుట్టిన ప్రతి మోజూ ఆ గోడ మీదే వేలాడుతోంది.

ఫ్యాషన్ ఇరవై ఏళ్లకోసారి తనంతట తానే తిరిగివస్తుందని డిజైన్ విభాగం వారు తమ గోడ మీద పెద్ద సున్నా గీసి మరీ ప్రకటించారు. ఆ సున్నా లోపల ఎంత ఉందో, వారి పరిశోధనలోనూ అంతే ఉంది. ప్యాంటు తనంతట తాను నడిచిరాదు. ఎవరో వెళ్లి మోసుకురావాలి. ఇక్కడ మోసుకొచ్చినవాడు డిజైన్ మేనేజర్. ఫిబ్రవరిలో ఒకరోజు ఫోన్ పట్టుకుని ఆమె గదిలోకి వచ్చి, గోడ మీది ఒక నమూనా చూపించాడు.

“అక్కా, ఈ బెల్‌బాటమ్ ఎప్పటిది?”

“తమరు నిక్కర్లేసుకునే నాటిది సార్.”

“సూపర్! ఇదే మన కొత్త కలెక్షన్.”

“పాతది కొత్తదెలా అవుతుంది సార్?”

“కొనేవాళ్లు చూడలేదుగా!”

తెలియకుండానే నిజం చెప్పాడు. వానలో ఆ అంచులు వీధి నీళ్లన్నీ మోకాలి దాకా పీల్చుకుంటే తిట్టుకున్నవారు ఇప్పుడు దుకాణాలకు రారు. వచ్చేవారికి ఆ తడి తెలియదు. కొత్తగా ఆలోచించే ఓపిక లేనివారికి, పాతది ఎరగని కొనుగోలుదారు వరం.

ఆమె ఇంట్లోనూ ఇదే తంతు. కాలేజీలో చదువుతున్న కూతురు అలాంటి ప్యాంటే కొనుక్కొచ్చి అద్దం ముందు తిరిగింది.

“నీకు తెలీదమ్మా, ఇది ఇప్పుడే వచ్చిన మోడల్.”

“నువ్వు కడుపులో ఉండగా కుట్టానే ఇది!”

“అబ్బా, అది వేరు, ఇది వేరు.”

“వేరే మరి. అప్పుడు జేబులుండేవి.”

మేనేజర్ తన గదికి వచ్చిన ఆ రోజే ఆమెకు మరో మాట కూడా చెప్పాడు. ఇక నమూనాలన్నీ కంప్యూటర్‌లోనే గీస్తారు. మార్చి నెలాఖరుకు ఆ గది ఫొటో స్టూడియో అవుతుంది. అంటే ఆమెకు ఉద్యోగం ఉండదు. కూతురి చదువుకు ఇంకా రెండేళ్లు మిగిలి ఉన్నాయి.

“ఈ కాగితాలు చదవడానికైనా మనిషి కావాలి సార్.”

“చదవడానికేముంది? గీత ఉంది, గీత మీద కోస్తాం.”

ఆ గదిలో పని నేర్చినవారి పద్ధతి వేరు. కాగితం మీది గీత ఒంటి కొలత మాత్రమే. కుట్టుకు వదలవలసిన బట్టను గీయరు. కాగితం అంచున బొటనవేలు ఆనించి, వేలికి అవతల కత్తెర నడుపుతారు. అక్కడ అందరికీ తెలిసిన సంగతి కనుక ఎక్కడా రాయలేదు. ఆమె అదే చెప్పింది.

“కుట్టుకు వదిలింది అందులో లేదు సార్. బొటనవేలంత వదలాలి.”

“కంప్యూటర్‌కి బొటనవేలుండదక్కా!” అని పకపకా నవ్వి, నమూనా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె రెండోసారి చెప్పలేదు. ఆ మౌనాన్ని తప్పుపట్టదలచినవారు ముందు ఆ నవ్వు సంగతి తేల్చాలి.

పదకొండున కుట్టిన మొదటి ప్యాంటు, వేసి చూపడానికి వచ్చిన కుర్రవాడి తొడల దగ్గరే ఆగిపోయింది. మేనేజర్ అతణ్ణి ఊపిరి బిగబట్టమన్నాడు. తొడలకు ఊపిరితో ఏం సంబంధమో ఎవరూ అడగలేదు. యజమాని పరుగున ఆమె గదికి వచ్చాడు.

“ఏదో ఒకటి చెయ్యమ్మా.”

“రెండు పక్కలా పట్టీ వెయ్యాలి. ఈ రంగు బట్ట ఇక లేదు, వేరే రంగే దిక్కు.”

“బాగుంటుందా?”

“బాగుండదు. పడుతుంది.” చేతిలోని మూట కింద పెట్టి అడిగింది. “మరి నా గది?”

“అదంతా నేను చూసుకుంటాగా! ముందు పని కానివ్వు.”

పన్నెండు రోజులు ఆమె పట్టీలు కత్తిరించింది, కుట్టేవారు కుట్టారు. సరుకు వెళ్లిపోయింది. ఆ పట్టీ ఒక తరం స్వేచ్ఛకు ప్రతీక అని మేనేజర్ సమావేశంలో వివరించాడు. అందరూ తలలూపారు. తన తప్పును అతుకుతో కప్పి, ఆ అతుక్కే అర్థం చెప్పగలిగినవాడికి ఆ విభాగంలో భవిష్యత్తుకు లోటుండదు.

మార్చి ముప్ఫై ఒకటిన ఆమెకు ఉత్తరం అందింది: ఇన్నేళ్ల సేవలకు ధన్యవాదాలు. యజమాని ఆ రోజంతా ఫోన్ ఎత్తలేదు.

తర్వాతి వారం మేనేజర్ నుంచి ఫోన్ వచ్చింది.

“అక్కా, స్టూడియో గోడకి నీ పాత కాగితాలు తగిలిస్తే మంచి వింటేజ్ లుక్ వస్తుంది. ఒక్క గంట వచ్చి సర్దిపెడతావా?”

వెళ్లింది. నమూనాలన్నిటినీ నడుము కిందికి, పాదాలు పైకి వచ్చేలా తలకిందులుగా తగిలించింది. మేనేజర్ నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి చూసి, “పర్‌ఫెక్ట్!” అన్నాడు. డిజైన్ విభాగమంతా వాటి ముందు నిలబడి ఫొటోలు దిగింది. ఒక్కరికీ ఏ తేడా కనిపించలేదు.

ఆ గురువారం నుంచి ఆమె బడి యూనిఫామ్‌లు కుట్టే చిన్న షెడ్డులో పనికి కుదిరింది. అక్కడ మోజులు మారవు. పిల్లలు పెరుగుతారు, అంతే.