డాబా మీద దుప్పట్లు

మా మేనత్త బట్టలు ఉతికేది కింది పేటలో, ఆరేసేది పై పేటలో. మధ్యలో ఎత్తు రోడ్డు. తడి దుప్పట్లు ఎంత బరువుంటాయో మోసినవాళ్లకే తెలుస్తుంది. అయినా తప్పదు. ఫ్యాక్టరీ పొగగొట్టం మా వీధి చివరే ఉంది. ఇక్కడ దండెం మీద వేసిన బట్ట ఆరేలోపే మసి పట్టేస్తుంది. గాలి ఎప్పుడూ మావైపే వీస్తుంది. ఫ్యాక్టరీ కట్టినవాళ్లు అది చూసుకునే కట్టారు. పైన ఎవరుండాలో, కింద ఎవరుండాలో పుట్టుకతోనే తేలిపోయే ఊరు మాది. పొగ కూడా ఆ పద్ధతే పాటిస్తుంది.

తన దుప్పట్లకి మసి పట్టకూడదని పై పేటలో ఒక మేడమ్ తన డాబా వాడుకోనిచ్చింది. వానొస్తే దుప్పట్లు పెట్టుకోవడానికి అక్కడో గది కూడా ఉంది. కిటికీ, ఫ్యాను, నున్నటి గచ్చు. మా ఇళ్లల్లో మనుషులకే లేని భోగం. "దుప్పటిగా పుట్టినా బాగుండేది" అని అత్త నవ్వేది. పనిలో మాత్రం రాక్షసి. బట్ట మీద మచ్చ ఉందని ఎవరైనా అంటే ఆ పూట ఆవిడకి ముద్ద దిగేది కాదు.

అత్త మనవరాలికి ఆ ఏడు ఆయాసం ముదిరింది. కాస్త పరిగెత్తితే చాలు, గొంతులో పిల్లికూతలు. మందులతో అయ్యేది కాదు, ముందు ఆ గాలి నుంచి తప్పించమన్నాడు డాక్టరు. పై పేటలో అద్దెకి అడగడం మావాళ్లు ఎప్పుడో మానేశారు. ఖాళీగా ఉన్న ఇల్లు మేం మెట్లెక్కేసరికి నిండిపోతుంది. అత్తకి మాత్రం డాబా గది మీద ఆశ. అన్నేళ్లుగా దుప్పట్లని రానిచ్చిన ఇల్లు పిల్లని కాదంటుందా అన్నది ఆవిడ లెక్క. నేను వద్దన్నాను, వింటేగా.

అత్త అడగ్గానే మేడమ్ నీళ్లు నమిలింది.

"నాకేం అభ్యంతరం లేదు. వీధిలో వాళ్లు ఊరుకోరు. పోనీ, నీకు ఇంకో దండెం కట్టిస్తాను."

అత్త వచ్చేసింది. మర్నాడు ఆ ఇంటి దుప్పట్లు మా గుమ్మం ముందే ఆరేసింది.

"మతిపోయిందా అత్తా?" అన్నాను.

"దులపకు. అలాగే మడతపెట్టు" అంది.

సాయంత్రం నేనూ వెంట వెళ్లాను. మూటలో పైనున్న దుప్పటి మేడమ్ విప్పింది.

"ఇదేంటి, ఇంత మసి?"

"మా ఇంటి ముందు ఆరేశానమ్మా. ఒక్క పూటే."

"ఒక్క పూటకే ఇలా అయిందా?"

"మా పిల్లకి నాలుగేళ్లమ్మా."

మేడమ్ ఆ మసిని వేలితో తుడిచి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను చూశాను. చెడ్డమనిషేం కాదు. దుప్పటి మళ్లీ మడతపెట్టి అత్త చేతిలో పెట్టింది.

"పాపం, పిల్ల" అంది. "ఇవి ఇంకోసారి ఉతికి తీసుకురా. ఈసారి మా డాబా మీదే ఆరెయ్యి."

నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మాత్రం మూట నెత్తికెత్తుకుంది. మర్నాడు దుప్పట్లు డాబా మీద ఆరాయి. మధ్యాహ్నం మబ్బు పట్టేసరికి అత్త వాటిని గదిలో చేర్చి, తలుపు దగ్గరగా వేసి, పిల్ల దగ్గరికి కిందికి దిగింది.