గేటు మీద చాప

ఈ ఉదయం మన స్టీల్ ప్లాంట్ కాలనీ సెక్టర్ 7లో ఒక గేటు మీద చాప ఆరేసి ఉంటే, తెలియకుండానే అటు నడిచాను. చిన్ననాటి నేస్తాలూ, మీకు గుర్తుందా? బడి ఈడు రాకముందు, ఏ క్వార్టర్ గేటు మీద చాప కనిపిస్తే మనం ఆ రోజు అక్కడికే వెళ్లేవాళ్లం. ఆ ఇంటి అమ్మే టీచరు. మా అమ్మ తెలుగులో అంకెలు చెప్పేది, వెనకింటి దీదీ హిందీలో.

ఇల్లు ఎందుకు మారేదో ఇప్పుడు అమ్మను అడిగాను.

"నైట్ షిఫ్ట్ చేసొచ్చినోళ్లు పగలు పడుకోవద్దేటి? నిద్దర్లేకండా ఫర్నేసు కాడికెలా ఎల్తారు? ఆల్లు లేని ఇల్లు చూసి పిల్లల్ని కూకోబెట్టీవోళ్లం," అంది.

నాన్నలు నిద్రపోవడానికి పెట్టిన ఆ బడిలోనే నాకు రెండు భాషల్లో అంకెలు వచ్చాయి.

ఇంతకీ అప్పట్లో గేటు గేటుకూ మారిన ఆ చాప ఎవరింటిదో అమ్మకూ తెలియదట. మీలో ఎవరింటిదైనా అయ్యుంటుందా?